గాలిని పిలిచే గోడలు, ఎండను ఆపే కప్పు

సామాన్య కుటుంబీకుడు తన జీవితకాలంలో ఇల్లు కట్టేది సాధారణంగా ఒక్కసారే. తండ్రి మిగిల్చిన జాగా, పరాయి దేశంలో ఏళ్ల తరబడి చెమటోడ్చి పంపిన సొమ్ము, ఇల్లాలి మెడలోని బంగారం, పైగా బంధుమిత్రుల చేబదులు, ఇవన్నీ కలిస్తేగాని గోడలు పైకి లేవవు. ఇంత శ్రమకు ఓర్చి కట్టుకున్న ఇల్లు మే నెల మధ్యాహ్నం కుంపటిలా మారితే, వంటగదిలో నిలబడ్డ ఇల్లాలికి ఊపిరి ఆడకపోతే, మేడమీది గదిలోని వృద్ధులు అర్ధరాత్రి దాటినా నిద్రకు నోచుకోకపోతే, ఆ ఇల్లు తన ధర్మాన్ని నెరవేర్చినట్లేనా?

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. ఎండదెబ్బ అనగానే మనకు రోడ్డుమీది కూలీ, పొలంలోని రైతు గుర్తుకు వస్తారు. కాని పగలంతా కాలి రాత్రంతా సెగలు కక్కే గదిలో పడుకున్న ముసలివారికీ, పసివారికీ, రోగులకూ ఎండదెబ్బ తగులుతుంది. రాత్రి కూడా శరీరం చల్లబడే అవకాశం దొరకనప్పుడు మరుసటి పగటి ఎండను అది తట్టుకోలేదు.

ఈ బాధకు నేడు అందరూ చూపే పరిష్కారం ఒక్కటే, ఏసీ. అది మన గదిలోని వేడిని తీసి వీధిలోకి, పొరుగింటి కిటికీలోకి తోస్తుంది. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు రూపంలో మన జేబులోకి చేయి పెడుతుంది. ఏసీ కొనగలిగినవాడు తలుపులు మూసుకుంటాడు. కొనలేనివాడు ఆ వేడిని కూడా అదనంగా భరిస్తాడు. ఏసీ వాడరాదని చెప్పటం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఇల్లు చేయవలసిన పనిని ఇంటిచేత చేయించిన తరువాతే యంత్రాన్ని పిలవాలన్నది దీని సారాంశం. హరిత భవనమంటే పచ్చరంగు పూసిన భవనమనో, వసారాలో నాలుగు పూలకుండీలు పెట్టిన భవనమనో చాలామంది భావిస్తున్నారు. తక్కువ విద్యుత్తుతో, తక్కువ నీటితో, చుట్టూ దొరికే సామగ్రితో మనిషికి ఆరోగ్యకరమైన నీడనిచ్చే కట్టడమే హరిత భవనం. ఈ అర్థంలో చూస్తే మన పూర్వీకులలో అనేకులు ఆ పేరు తెలియకుండానే హరిత భవనాలలో జీవించారు.

ఇల్లు ఎందుకు వేడెక్కుతుంది?

ముందుగా సూర్యుని నడకను అర్థం చేసుకోవాలి. హైదరాబాదు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల రెండో వారంలో అక్కడ మధ్యాహ్న సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. అప్పుడు ఎండ భారమంతా పడేది ఇంటి కప్పు మీద. ఉదయం తూర్పుగోడ మీద, సాయంత్రం పడమటిగోడ మీద ఎండ ఏటవాలుగా, సూటిగా తగులుతుంది. వేసవిలో దక్షిణపు గోడకు సోకే ఎండ చాలా తక్కువ. డిసెంబరులో దీనికి భిన్నంగా సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తుకు మించి పైకి రాడు. అందువలన దక్షిణపు కిటికీ చలికాలంలో వెచ్చని ఎండను లోపలికి రానిస్తుంది. వేసవిలో దానికి రెండడుగుల సజ్జ ఉంటే చాలు, నీడ దొరుకుతుంది. పడమటి కిటికీకి ఎంత పెద్ద సజ్జ వేసినా సాయంత్రపు ఎండ దాని కిందుగా దూరి వస్తుంది.

రెండవ విషయం కాంక్రీటు స్వభావం. నాలుగైదు అంగుళాల శ్లాబు పగటి ఎండను మింగుతుంది. ఆ వేడి నెమ్మదిగా కిందికి దిగి, సరిగ్గా మనం ఇంటికి చేరి నడుం వాల్చే వేళకు గదిలోకి ప్రసరించటం మొదలవుతుంది. అప్పుడు ఫ్యాను ఎంత తిరిగినా అది కప్పు కింద చేరిన వేడిగాలినే మనమీదికి నెడుతుంది. బయట వీధిలో చల్లగాలి వీస్తున్నా ఇంట్లో ఉక్కపోత తగ్గకపోవటానికి కారణం ఇదే.

కైరో పాత ఇళ్లు చెప్పే పాఠం

ఎడారి ఎండను శతాబ్దాల తరబడి ఎదుర్కొన్న నగరాలలో కైరో ఒకటి. విద్యుత్తు లేని కాలంలో అక్కడి గృహనిర్మాతలు మూడు ఉపాయాలను ఆశ్రయించారు.

మొదటిది ఇంటి నడుమ ఉండే ఆరుబయలు. అరబీలో దీన్ని సహ్న్ అంటారు. హైదరాబాదు పాత ఇళ్లలో సెహన్ అని పిలిచేది దీన్నే. రాత్రివేళ ఆకాశానికి తెరచి ఉన్న ఈ జాగా త్వరగా చల్లబడుతుంది. చల్లగాలి బరువైనది కాబట్టి అడుగున నిలిచి, చుట్టూ ఉన్న గదులలోకి ప్రవహిస్తుంది. ఎత్తైన గోడల నీడ వలన ఆ చలువ పొద్దెక్కేదాకా నిలిచి ఉంటుంది. కైరోలో 1648లో కట్టిన సుహైమీ గృహం నేటికీ నిలిచి ఉంది. అందులో ముందు రాతిపలకలు పరచిన సెహన్, వెనుక చెట్లు నాటిన పెరడు, రెండింటి మధ్య నీడపట్టున కూర్చునే చావడి ఉన్నాయి. ఒక ఆరుబయలు నీడలోనూ, మరొకటి ఎండలోనూ ఉన్నప్పుడు వెచ్చనిచోట గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపటానికి చల్లనిచోటు నుంచి గాలి కదులుతుంది. బయట ఆకు కదలని రోజున కూడా ఆ చావడిలో కూర్చున్నవారికి గాలి తగిలే ఏర్పాటు అది.

రెండవది మష్రబియ్య, అనగా గుండ్రని చిన్న చిన్న కర్రముక్కలతో అల్లిన జాలీ కిటికీ. షరిబ అంటే తాగటం. తాగునీటి కూజాలు చల్లబడటానికి ఉంచే చోటు కనుక ఆ పేరు వచ్చిందంటారు. మట్టికూజాల చెమ్మను తాకి వచ్చే గాలి గదిని చల్లబరుస్తుంది. ఈ జాలీ నాలుగు పనులు ఒక్కసారే చేస్తుంది. ఎండ తీవ్రతను విరుస్తుంది, వెలుగును మెత్తగా చేస్తుంది, గాలిని రానిస్తుంది, లోపలి స్త్రీలను వీధి చూపుల నుంచి కాపాడుతుంది. కంటికి ఎదురుగా ఉండే భాగంలో అల్లిక దట్టంగాను, పైభాగంలో పలుచగాను ఉండటంలోని వివేకం గమనించదగినది.

మూడవది మల్ఖఫ్. లఖిఫ అనే అరబీ ధాతువుకు అందుకోవటం, చేజిక్కించుకోవటం అని అర్థం. ఇంటి కప్పుపై గాలి వచ్చే దిక్కుకు నోరు తెరచి నిలిచే గూడు వంటి నిర్మాణమిది. ఇరుకు సందులలోకి రాని గాలి కప్పుపైన ఉంటుంది. అది నేలమట్టపు గాలికంటే చల్లనిది, దుమ్ము తక్కువ కలిగినది. దాన్ని అందుకొని కిందికి దించి గదిలోకి పంపటమే మల్ఖఫ్ పని. గది ఎదుటివైపున ఎత్తులో ఉన్న రంధ్రాల గుండా వేడిగాలి బయటికి పోతుంది. గాలి రావటానికి ఒక దారి, పోవటానికి ఒక దారి రెండూ ఉన్నప్పుడే అది కదులుతుంది. ఒకే కిటికీ ఉన్న గదిలో గాలి ఆడకపోవటం మనమెరిగిన విషయమే.

హసన్ ఫత్‌హీ కృషి

ఈ పాత జ్ఞానాన్ని మళ్లీ వెలికితీసి, పేదవాడి ఇంటికి దాన్ని అందించాలని జీవితాంతం తపించిన వ్యక్తి హసన్ ఫత్‌హీ. ఆయన 1900లో అలెగ్జాండ్రియాలో జన్మించాడు. 1926లో కైరోలో భవననిర్మాణశాస్త్రంలో పట్టా పొందాడు. చదువుకున్న తోటివారంతా ఐరోపా పద్ధతిలో కాంక్రీటు, ఇనుము, గాజులతో కట్టటమే ఘనత అనుకుంటున్న రోజులవి. ఈజిప్టు పల్లెప్రజలకు సిమెంటు, ఇనుము కొనే స్తోమత లేదు. వారి కాళ్లకింద ఉన్నది మట్టి ఒక్కటే. పచ్చి ఇటుకతో గోడలు లేపటం ప్రతి పల్లెకూ తెలుసు. చిక్కంతా కప్పు దగ్గరే వచ్చింది. కప్పుకు కలప కావాలి, ఆ దేశంలో కలప అరుదు. రెండవ ప్రపంచయుద్ధం వలన దిగుమతులు నిలిచిపోగానే ఆ సమస్య మరింత తీవ్రమైంది.

మట్టి ఇటుకలతోనే కమాను కప్పు వేయాలని ఫత్‌హీ ప్రయత్నించాడు. తొలి ప్రయత్నంలో కప్పులు కూలిపోయాయి. అస్వాన్ ప్రాంతంలోని నూబియా పల్లెలలో కర్ర ఆధారం లేకుండానే కమాను కప్పులు వేసే మేస్త్రీలు ఉన్నారని ఆయనకు సోదరుని ద్వారా తెలిసింది. 1941లో ఆయన అక్కడికి వెళ్లి చూశాడు. ఆ మేస్త్రీల ఉపాయం సరళమైనది. ముందు ఒక చివర ఎత్తైన గోడ కడతారు. మొదటి ఇటుకల వరుసను ఆ గోడకు కొంచెం ఏటవాలుగా ఆనించి పెడతారు. రెండో వరుస మొదటిదానికి ఆనుతుంది, మూడోది రెండోదానికి. ప్రతి వరుసా తన వెనుకటి వరుస భుజంపై వాలి నిలుస్తుంది కాబట్టి కింద కర్రల పందిరి అక్కరలేదు. పట్టభద్రులైన ఇంజనీర్లకు అంతుపట్టని పనిని అక్షరం రాని మేస్త్రీలు కొద్దిపాటి పనిముట్లతో చేసి చూపారు. లక్సర్‌లో రామెసెస్ చక్రవర్తి ధాన్యపు కొట్లపై ఇదే తీరులో వేసిన మట్టికప్పులు మూడువేల ఏళ్లు దాటినా నిలిచి ఉన్నాయి.

మట్టి అంటే నిరుపేద లక్షణమని తీసిపారేసేవారికి సమాధానంగా 1964 మార్చిలో కైరోలోని భవన పరిశోధన కేంద్రంలో ఒక పరీక్ష జరిగింది. వేర్వేరు సామగ్రితో చిన్న గదులు కట్టి లోపలి ఉష్ణోగ్రతలు కొలిచారు. 50 సెంటీమీటర్ల మందం కలిగిన పచ్చి ఇటుక గదిలో ఇరవైనాలుగు గంటలలో ఉష్ణోగ్రత 2 డిగ్రీలకు మించి మారలేదు. 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలకలతో కట్టిన గదిలో అది 36 డిగ్రీలకు చేరింది. మట్టిగది కంటే ఇది 13 డిగ్రీలు, బయటి గాలి కంటే 9 డిగ్రీలు ఎక్కువ. అనగా ఆ కాంక్రీటు గదిలో కూర్చోవటం కన్నా ఆరుబయట నిలబడటమే మేలు.

కట్టిన పల్లె ఎందుకు నిండలేదు?

లక్సర్ ఎదుట నైలునది పడమటి ఒడ్డున, ప్రాచీన ప్రభువుల సమాధుల మీదనే గుర్నా అనే పల్లె వెలసి ఉండేది. అక్కడివారిలో కొందరికి ఆ సమాధులలోని వస్తువులే జీవనాధారం. పురావస్తు శాఖ వారిని అక్కడి నుంచి తరలించాలని నిశ్చయించింది. సుమారు ఏడువేలమందికి సరిపడే కొత్త పల్లెను కట్టే బాధ్యతను 1945లో ఫత్‌హీకి అప్పగించింది. ఆయన మస్జిదు, బడులు, బజారు, సత్రం, ఇళ్లు రూపొందించాడు. ఒక ఇల్లు మరొక ఇంటిలా ఉండకూడదని ప్రతి కుటుంబం అవసరాన్ని బట్టి ఆలోచించాడు. బడికి పెట్టిన మల్ఖఫ్‌లో తడిపిన బొగ్గు పరచిన పలకలను అమర్చగా గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీల వరకు తగ్గింది.

అయినా ఆ పల్లె పూర్తి కాలేదు. 1948 నాటికి పని ఆగిపోయింది. అధికారుల జాప్యం ఒక కారణం. దానికి మించిన కారణం మరొకటి ఉంది. గుర్నావాసులు ఆ కొత్త ఊరిని కోరుకోలేదు. తమ జీవనాధారాన్ని వదిలి రావటానికి వారు ఇష్టపడలేదు. గుమ్మటం సమాధులకే గాని కాపురాలకు తగదన్న భావం కూడా వారిలో ఉండేదని విమర్శకులు చెబుతారు. తరువాతి కాలంలో భూగర్భజలం పైకి వచ్చి, ఉప్పు ఊరి, ఆ మట్టిగోడలలో అనేకం దెబ్బతిన్నాయి.

ఫత్‌హీ ఈ అనుభవాన్ని దాచలేదు. గుర్నా కథను 1969లో కైరోలో గ్రంథంగా ప్రకటించాడు. అదే 1973లో ‘పేదల కోసం వాస్తుశిల్పం’ అనే అర్థం వచ్చే పేరుతో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం ద్వారా వెలువడి లోకమంతటా చదువబడింది. 1980లో ఆయనకు ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారాలలో అధ్యక్షుని పురస్కారం లభించింది. 1989లో ఆయన మరణించాడు.

ఈ చరిత్రలో మనకు రెండు పాఠాలున్నాయి. పాత పద్ధతులలో శాస్త్రం ఉంది, వాటిని చులకన చేయరాదు. అదే సమయంలో, ఎంత గొప్ప నిర్మాణమైనా అందులో నివసించవలసినవారిని అడగకుండా కడితే అది వారి ఇల్లు కాజాలదు.

మన నేల మీద

మన పూర్వీకులు కూడా తమ నేలను బట్టే కట్టారు. రాయలసీమలో రాతిగోడలపై దూలాలు, దంతెలు పరచి, పైన మందంగా మట్టి పోసి, వాన నీరు దిగకుండా చౌడు పరచిన మిద్దెలు ఉండేవి. ఆ మందమే వేసవిలో వారికి రక్ష. కోస్తాలో నడుమ వాన పడే మండువా లోగిళ్లు ఉండేవి. హైదరాబాదు దేవిడీలలో సెహన్, దాలాన్, సున్నపు గోడలు, ఎత్తైన కప్పులు ఉండేవి. నేడు అంత జాగా, అంత కలప ఎవరికీ లేవు. రెండువందల గజాలలో ఇద్దరు అన్నదమ్ములు సర్దుకోవలసిన కాలమిది. కాబట్టి రూపాన్ని కాక సూత్రాన్ని గ్రహించాలి.

ఆ సూత్రాలను నేటి సామగ్రితో మేళవించవచ్చునని నిరూపించిన కట్టడం మన హైదరాబాదులోనే ఉంది. హైటెక్ సిటీ సమీపంలోని సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకు అమెరికా సంస్థ ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును ఆ దేశానికి వెలుపల మొట్టమొదట పొందిన కట్టడం అదే. దాని రూపశిల్పి కరణ్ గ్రోవర్. నడుమ ఆరుబయలు, దాని చుట్టూ వలయాకారంలో గదులు, ఎండను విరిచే జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే రెండు గాలిగోపురాలు, కప్పుపై తోట, బూడిద ఇటుకలు, వాడిన నీటిని మొక్కల వేళ్ల ద్వారా శుద్ధిచేసే ఏర్పాటు అందులో ఉన్నాయి. కైరోలోని సెహన్, మష్రబియ్య, మల్ఖఫ్ మూడింటినీ పాఠకులు ఇక్కడ ఇట్టే గుర్తుపట్టగలరు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. తడితో గాలిని చల్లబరచే పద్ధతి పొడిగాలి ఉన్నచోటే పనిచేస్తుంది. తెలంగాణ, రాయలసీమలకు అది అనుకూలం. మచిలీపట్నం, విశాఖ వంటి సముద్రతీరాలలో గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది. అక్కడ తడి చేర్చితే ఉక్కపోత పెరుగుతుంది. అక్కడివారికి కావలసింది నీడ, ఎదురెదురు కిటికీలు, ఆగని గాలి.

కొత్తగా కట్టబోయేవారికి

స్థలం అనుమతిస్తే ఇంటి పొడవు తూర్పుపడమరలుగా ఉండాలి. అప్పుడు ఎక్కువ కిటికీలు ఉత్తరదక్షిణాలకు వస్తాయి, ఎండ మండే గోడలు చిన్నవవుతాయి. పడమటి వైపున మెట్లు, స్నానాలగది, సామాన్ల గది పెట్టండి. అవి పడకగదికి కవచంలా నిలుస్తాయి. ఆ వైపున ఒక వేపచెట్టుకు చోటు ఉంచగలిగితే దానికంటే చవకైన తెర మరొకటి లేదు.

ఇటుకల విషయంలో తొందరపడవద్దు. ఎర్ర ఇటుక కోసం పంటనేల పైమట్టి పోతుంది, దాన్ని కాల్చటానికి ఇంధనం ఖర్చవుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఇటుకలకు కాల్చే పని లేదు. ఎర్ర ఇటుకే వాడదలచినవారు కేరళలో లారీ బేకర్ విస్తృతంగా ప్రచారం చేసిన కట్టును గురించి మేస్త్రీని అడగవచ్చు. అందులో ఇటుకలను అంచుమీద నిలిపి, గోడ నడుమ ఖాళీ వదులుతారు. తొమ్మిదంగుళాల గోడకు ఇటుకలు సుమారు నాలుగోవంతు ఆదా అవుతాయి. నడుమ ఉన్న గాలి వేడిని ఆపుతుంది. ఇది తెలిసిన మేస్త్రీచేతనే కట్టించాలి. నేలకు తాండూరు, బేతంచెర్ల బండలు ఉండగా దూరదేశపు పాలరాయి కోసం వెదకటం అనవసరం.

కిటికీల విషయంలో మన కుటుంబాలలో ఒక ప్రత్యేక సమస్య ఉంది. పర్దా కోసం కిటికీలను శాశ్వతంగా మూసివేయటం, మందపాటి తెరలు వేయటం, నల్ల అద్దాలు బిగించటం సర్వసాధారణం. స్త్రీలు పగలంతా గడిపే గదులే గాలీ వెలుగూ లేని గదులుగా మారుతున్నాయి. మర్యాదను కాపాడటానికి ఊపిరిని బలిచేయనక్కరలేదు. సిమెంటు జాలీ, మట్టిజాలీ, ఎత్తులో పెట్టిన వెంటిలేటర్లు, కిటికీ ముందు తీగల పందిరి, ఇవన్నీ చూపును ఆపి గాలిని రానిస్తాయి. వంటగదికి కనీసం రెండు వైపుల తెరపి ఉండాలి. పొయ్యికి పైన, కప్పుకు దగ్గరగా వేడిగాలి పోయే దారి ఉండాలి.

ఇప్పటికే కట్టుకున్నవారికి, అద్దెకున్నవారికి

మనలో అధికులకు కొత్త ఇల్లు కట్టే అవకాశం లేదు. అయినా ఎండ భారమంతా కప్పు మీదనే పడుతుందని పైన చూశాం. కాబట్టి చికిత్స కూడా అక్కడే మొదలుకావాలి. తెల్లని ఉపరితలం ఎండను తిప్పి పంపుతుంది, నల్లనిది మింగుతుంది. హైదరాబాదు ప్రాంతంలో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు కార్యాలయ భవనాలపై కొలిచి చూశారు. నల్లని కప్పులకు తెలుపు వేయగానే చల్లదనానికి అయ్యే విద్యుత్తు 14 నుంచి 26 శాతం వరకు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం దేశంలోనే మొదటిసారిగా చలువ కప్పుల విధానాన్ని ప్రకటించింది. ఐదేళ్లలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను ఈ విధంగా మార్చాలన్నది దాని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకూ దీన్ని తప్పనిసరి చేశారు. చిన్న ఇళ్లవారు ఇష్టపూర్వకంగా చేసుకోవచ్చు. నిజానికి ఎక్కువ అవసరం ఉన్నది ఆ చిన్న ఇళ్లకే.

ఖరీదైన రంగులు కొనలేనివారికి సున్నం ఉంది. ఫిబ్రవరి చివరలో కప్పును శుభ్రంగా ఊడ్చి కడిగి, పగుళ్లు పూడ్చి, పట్టు నిలవటానికి కొంచెం బంక కలిపిన సున్నాన్ని రెండు పూతలు వేయాలి. వానలకు అది కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయవలసి ఉంటుంది. తెల్లని పెంకుముక్కలు పరిపిస్తే ఏళ్ల తరబడి నిలుస్తాయి. రేకుల ఇంట్లో ఉన్నవారు కూడా రేకుపై తెలుపు వేయించుకోవచ్చు. ఎండాకాలంలో పైన కొబ్బరాకు పందిరి వేసి, పందిరికీ రేకుకూ మధ్య గాలి ఆడేలా ఎడం ఉంచితే మరింత మేలు. మా మదర్సాలో పెంకుల కప్పు ఉన్న పాత చావడి ఒకటి, శ్లాబు వేసిన కొత్త గది ఒకటి ఉన్నాయి. ఏప్రిల్ వచ్చిందంటే విద్యార్థులు చెప్పకుండానే తమ రిహాళ్లు ఎత్తుకొని పాత చావడికి చేరేవారు. కొత్తగది కప్పుపై సున్నం వేయించిన తరువాత ఆ వలస చాలా తగ్గింది. పిల్లలు ఏ గదిలో నిలుస్తారో చూస్తే చాలు, ఆ గది మంచిచెడ్డలు తెలిసిపోతాయి.

అద్దె ఇంట్లో ఉన్నవారు కిటికీకి లోపల కాక బయట నీడ ఏర్పరచుకోవాలి. లోపలి తెర తగిలేసరికే ఎండ అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. బయట వేసిన వెదురుచాప దాన్ని గుమ్మం ముందే ఆపుతుంది. పగలు వేడిగాలి వీచే వేళ కిటికీలు మూసి, పొద్దుగూకాక తెరవటం మన నానమ్మలు ఎరిగిన పద్ధతే.

కరెంటు లెక్క

ఇల్లు తన పని చేసిన తరువాతే యంత్రాల వంతు. సాధారణ ఫ్యాను సుమారు 75 వాట్లు వాడుతుంది. బీఎల్‌డీసీ అనే కొత్తరకం ఫ్యాను 30 వాట్లతో అదే గాలినిస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఐదు ఫ్యాన్లను మార్చితే నెలకు సుమారు 80 యూనిట్లు మిగులుతాయి. ఏసీ ఉన్నవారు దాన్ని 18 డిగ్రీల మీద పెట్టి దుప్పటి కప్పుకోవటం దుబారా కాక మరేమిటి? ఒక్కొక్క డిగ్రీ పెంచిన కొద్దీ సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. 2020 నుంచి స్టార్ గుర్తు ఉన్న ఏసీలు 24 డిగ్రీల మీదనే మొదలయ్యేలా నిబంధన పెట్టటానికి కారణం అదే.

ఇంటిపైన సోలార్ పలకలు మంచివే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు కిలోవాట్లు అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని జాగా కావాలి. అది రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తుంది. కాని వరుస తప్పరాదు. ముందు నీడ, తరువాత గాలి, ఆపైన పొదుపైన యంత్రాలు, చివరికి సోలార్. చిల్లులున్న కుండలో ఎన్ని బిందెలు పోసినా ప్రయోజనం ఉండదు కదా.

మస్జిదుల నిర్మాణంలో

ఇవే సూత్రాలు మన మస్జిదులకూ వర్తిస్తాయి. మన ప్రాంతంలో ఖిబ్లా పడమటి వైపు. కాబట్టి ఖిబ్లా గోడ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండకు కాలి, సరిగ్గా అసర్ నమాజు వేళకు ముందు వరుసవారిపై సెగ కక్కుతుంది. కొత్తగా కట్టేవారు ఆ గోడను నడుమ ఖాళీతో రెండు పొరలుగా కట్టవచ్చు. జాగా ఉంటే దాని వెనుక గ్రంథాలయమో సామాన్ల గదియో పెట్టవచ్చు, లేదా బయట చెట్లు నాటవచ్చు. పూర్వపు గుమ్మటాలలో చుట్టూ ఉండే రంధ్రాలు అలంకారం కోసం మాత్రమే కాదు, పైకి చేరిన వేడిగాలి పోవటానికి దారులు. నేడు వాటిని అద్దాలతో బిగించి, కింద ఏసీలు పెడుతున్నాం.

వుజూ నీటి సంగతి కూడా ఆలోచించాలి. దైవప్రవక్త (స) ఒక ముద్దు, అంటే నిండు దోసిలి పట్టే కొలత, నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ధారగా విప్పిన కొళాయి దగ్గర మనం వాడే నీరు ఆ కొలతకు ఎన్నో రెట్లు. ఆ నీటిలో సబ్బు ఉండదు. దాన్ని మురుగుకాలువలోకి వదలకుండా ఒక గొట్టం ద్వారా ఆవరణలోని చెట్లకు మళ్లించటం చిన్నపని. ఆ చెట్లే రేపు పడమటి గోడకు నీడనిస్తాయి.

ప్రియ పాఠకులారా! ఇల్లు కట్టేముందు మనం మేస్త్రీని అడుగుతాం, ఇంజనీరును అడుగుతాం, ముందు గోడకు ఏ రంగు బాగుంటుందో పొరుగువారిని కూడా అడుగుతాం. రోజుకు ఎనిమిది గంటలు వంటగదిలో గడిపే ఇల్లాలిని అడిగేవారు తక్కువ. పైగదిలో పడుకోబోయే తల్లిదండ్రులను అడిగేవారు అంతకన్నా తక్కువ. గుర్నాలో ఏడువేలమంది విషయంలో జరిగినదే చిన్నస్థాయిలో మన ఇళ్లలోనూ జరుగుతోంది. ఏ గది ఎప్పుడు మండుతుందో, గాలి ఏ మూల నుంచి వస్తుందో, ఏ కిటికీ ఎందుకు తెరవలేకపోతున్నారో వారికే బాగా తెలుసు. నక్షా గీయించే ముందు ఒక సాయంత్రం ఇంటివారందరినీ కూర్చోబెట్టి వారి మాట వినండి. కట్టే అవకాశం లేనివారు ఈ వేసవికి ముందే కప్పు ఎక్కి, రెండు బకెట్ల సున్నంతో పని మొదలుపెట్టండి.